కంపైలు చేయుటయా, ప్యాకేజీ దింపుటయా

అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికచే 1914లో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగిన బెజవాడయందు, ఏలూరు రోడ్డు వెంట పుస్తకశాలలు వెలసిన ఈ నగరమునందు, శిథిలమగుచున్న పాత పుస్తకముల పుటలను స్కాను చేసి యూనికోడు పాఠముగా మార్చవలెనని తలచువారికి అందుబాటున నున్న ఉచిత సాధనములలో టెస్సరాక్ట్ ఒకటి. హ్యూలెట్ ప్యాకర్డు ప్రయోగశాలలలో 1985లో ఆరంభమై, 2005లో సోర్సు కోడుతో సహా లోకమునకు విడువబడిన ఈ సాఫ్ట్‌వేరు తెలుగు అక్షరములను సైతము గుర్తింపగలదు. లినక్సు కంప్యూటరులో దీనిని నెలకొల్పుకొనుటకు రెండు మార్గములు కలవు.

సోర్సు కోడు మనుష్యుడు చదువుటకు వ్రాయబడినది. దానిని ప్రాసెసరు భాషలోనికి మార్చుట కంపైలరు పని. కృష్ణా డెల్టాలో వడ్లు మర పట్టించుకొనువారును, బియ్యపు బస్తా కొని తెచ్చుకొనువారును ఉన్నట్లే, ఇచ్చటను ఆ మార్పును తన యంత్రముపై తానే చేసికొనవచ్చును, లేక ఇతరులు చేసియుంచిన ప్యాకేజీని దింపుకొనవచ్చును.

ప్యాకేజీ మార్గము సులభము. ఉబుంటులోనో డెబియనులోనో టెర్మినలు తెరచి, ఆప్ట్ ఆజ్ఞతో టెస్సరాక్టును, దాని తెలుగు దత్తాంశమును కోరినచో, కావలసిన లైబ్రరీలన్నియు వెంట వచ్చును; డిజిటల్ సంతకము సరిచూడబడును; భద్రతా సవరణలు అప్‌డేటుతో పాటు చేరును.

రెండవ మార్గమున మొదట కంపైలరును తక్కిన పనిముట్లను సమకూర్చుకొని, సోర్సును విప్పి, 'ఆటోజెన్', 'కాన్ఫిగర్', 'మేక్', 'మేక్ ఇన్‌స్టాల్' అను ఆజ్ఞలను వరుసగా నడపవలెను. బొమ్మలను చదువు లెప్టోనికా లైబ్రరీ హెడర్ ఫైళ్లతో సహా లేనిచో 'కాన్ఫిగర్' ఆజ్ఞయే ముందునకు సాగదు. అది దాటి, తెరపై వందలకొలది పంక్తులు పరుగిడి, ప్రోగ్రాము సిద్ధమైన పిమ్మట, తెలుగు దత్తాంశపు ఫైలును వేరుగ తెచ్చి తగిన ఫోల్డరులో నుంచనిదే అది తెలుగున ఒక్క అక్షరమును చదువదు. ఇంతకు ముందే ప్యాకేజీ నెలకొల్పియున్నచో, యంత్రమున రెండు టెస్సరాక్టులు నిలుచును. 'యూజర్ లోకల్' ఫోల్డరు క్రింద చేరిన కొత్తది సాధారణముగ ముందు పలుకును. దానిని ఆప్ట్ ఎరుగదు గనుక అప్‌డేట్లు కూడ రావు.

ఇంత ప్రయాస ఏల యనిన, టెస్సరాక్ట్ 5.0 వెర్షను 2021 నవంబరులోనే వెలువడినను, 2022 ఏప్రిలున వచ్చిన ఉబుంటు 22.04 ప్యాకేజీలలో 4.1.1 మాత్రమే యుండెను. క్రొత్తదానిని వెంటనే కోరువారికి సోర్సు ఒక దారి. కోడును తాము సవరించి పరీక్షింపగోరువారికి అదియే దారి.

స్వయముగ కంపైలు చేసినంత మాత్రమున మోసము తొలగునని నమ్మరాదు. ఫైళ్లను కుదించు ఎక్స్‌జెడ్ అను సాధనమున దాగిన రహస్యద్వారము 2024 మార్చిలో బయటపడినది. దానిని మేల్కొల్పు పంక్తులు, అందరును చూచు గిట్ భాండారమున గాక, విడుదలగా పంచబడిన సోర్సు సంపుటమునందే యుండెను. లాగిన్ సుమారు అరసెకను ఆలస్యమగుటను ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు శ్రద్ధతో పరిశీలించుటచే అది తెలిసినది. ఇట్టి పరీక్ష సాధ్యమైనది సోర్సు బాహాటముగ నుండుటవలననే.

కావున పుస్తకముల పనియే ముఖ్యమైనవారు ప్యాకేజీనే వాడుకొందురుగాక. కానూరు మొదలగుచోట్ల ఇంజనీరింగు చదువు విద్యార్థులు మాత్రము ఒక్కమారైనను టెస్సరాక్టును సోర్సు నుండి నిర్మించి, తెలుగు ఒత్తులను అది ఎచ్చట తప్పుగ చదువుచున్నదో పరిశీలింపవలెనని ప్రార్థించుచున్నాను.