వైకుంఠం గారి బొమ్మల్లో మన అమ్మలు

ఆదివారం వస్తే మన హాస్టల్ గేటు దగ్గర అమ్మలు నిలబడి ఉండేవారు. నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు, ముదురు రంగు నేత చీర, చేతిలో సంచి. ఒక వేసవికి ముందు మా అమ్మ ఉంగుటూరు నుంచి మామిడి కోతలకు వెళ్ళే చీరతోనే వచ్చేసింది. జీడి మరకలు చూసి మేము గదిలోంచి బయటకు రాలేదు. తోటి మిత్రుడు వెళ్ళి సంచి తెచ్చాడు. పి.జి.లో చేరాక లైబ్రరీలో ఒక బొమ్మల పుస్తకం తెరిచేసరికి ఆ చీర, ఆ బొట్టు మళ్ళీ ఎదురయ్యాయి. ఆ చిత్రకారుడు తోట వైకుంఠం గారు. (ఇంటిపేరు తోట. మన మామిడి వాళ్ళకు నచ్చడానికి అదొక్కటి చాలదా!)

ఆయన 1942లో ఉమ్మడి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. చిన్నప్పుడు ఊరికి నాటకాల వాళ్ళు వచ్చేవారు. ఆడవేషాలు కూడా మగవాళ్ళే కట్టేవారు. పసుపు పూసుకుని, కాటుక దిద్ది, నగలు పెట్టుకుంటే మనిషి మరొకరైపోవడం ఆ పిల్లవాడిని కట్టిపడేసింది. తర్వాత హైదరాబాదు ఫైన్ ఆర్ట్స్ కాలేజీ, 1970ల మొదట్లో లలితకళా అకాడమీ ఫెలోషిప్‌తో బరోడా. అక్కడ గురువు కె.జి. సుబ్రహ్మణ్యన్, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ వద్ద చదివినవారు. పల్లె బొమ్మనూ ఆధునిక చిత్రాన్నీ వేరు చేసి చూడని మనిషి. బరోడా వెళ్ళిన కుర్రాడు చివరికి తన ఊరినే గీయడంలో ఆ చదువు పాత్ర ఉందని మా అభిప్రాయం.

రంగులు వెంటనే రాలేదు. చాలా కాలం ఆయన బొగ్గుతో గీశారు. అందుకే రంగులొచ్చాక కూడా గీతలో ఆ పట్టు పోలేదు. బొమ్మను చూడండి: పక్కకు తిరిగిన ముఖం, నిండైన నల్లని ఒళ్ళు, పెద్ద కళ్ళు, భుజాన చిలుక. కుంకుమ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. వాటిని కలిపి మెత్తబరచరు. నీడలూ వెయ్యరు. రంగు పక్కన రంగు నిలబడుతుంది, అంతే. ఆ స్త్రీల మొదటి రూపం తన తల్లేనని ఆయనే చెప్పుకున్నారు.

బి. నర్సింగరావు గారి ‘దాసి’ (1988) చిత్రానికి కళాదర్శకత్వం వహించి జాతీయ అవార్డు పొందారు. దొర గడీలో వెట్టి చేసే ఆడమనిషి కథ అది. ఇక్కడే మాకొక చిన్న పేచీ ఉంది. సినిమాలో ఆ చేతులకు ఊపిరాడనంత పని. ఆయన బొమ్మల్లోని చేతుల్లో ఎక్కువగా చిలుకో, పువ్వో, తమలపాకో. దశాబ్దాలుగా అదే ముఖం గీస్తున్నారని అనేవాళ్ళూ ఉన్నారు. అయినా నల్లగా ఉన్న పల్లెటూరి ఆడమనిషిని రాణిలా కూర్చోబెట్టి, నగరాల పెద్ద గోడల మీదకు ఎక్కించారు కదా! ఆ మాట మేము కాదనలేము.

మొన్న మేలో ఇంటికి వెళ్ళాం. మా ఇంట్లో అమ్మ ఫోటో రేషన్ కార్డులోది ఒక్కటే. కాగితం, పెన్సిలు పట్టుకుని తోటకే పోయి, పక్కకు తిరిగి కూర్చోమన్నాం. బంగినపల్లి కాయలను గడ్డిలో సర్దుతున్న అమ్మ నవ్వి, “ఈ పెట్టె నిండనియ్యరా” అంది. ఇక కూర్చోమనలేదు. చేతులు మాత్రం గీసుకొచ్చాం.