పిల్లవాని గురక – ప్రశ్నల కాగితాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

తల్లిదండ్రులారా,

శివరాత్రికి ఏడుపాయల జాతరకు పోయి మంజీర ఒడ్డున జాగారం చేసే వుంటారు. మీరు మేలుకొని కూర్చుంటే పిల్లవాడు చాప మీద నిద్రపోతాడు. యింట్లో ఎన్నడూ పట్టించుకోని సంగతి ఆ రాత్రి చెవిన పడుతుంది. వాడు పెద్దగా గురక పెడుతున్నాడు. నడుమ ఊపిరి ఆగినట్లయి, గట్టిగా గాలి పీల్చుకొని, మళ్ళీ గురక. "అలిసిపోయాడులే" అనుకుంటారు. ఒక్క రాత్రికైతే అలసటో, దుమ్మో, జలుబో కావచ్చు. యింటికి వచ్చాక కూడా సగం రాత్రులకు పైగా యిలాగే వుంటే అలసట అనుకోరాదు.

చిన్నపిల్లల్లో దీనికి ముఖ్య కారణం గొంతులో టాన్సిల్సు, ముక్కు వెనుక ఎడినాయిడ్సు పెరిగి, నిద్రలో గాలి దారి యిరుకు కావడం. నూటికి ఒకరి నుంచి అయిదుగురు పిల్లలకు ఈ జబ్బు వుంటుందని వైద్యుల అంచనా. పక్క తడుపుట, పగలు చిరాకు, చదువు మీద ధ్యాస లేకపోవుట, సరిగా ఎదగకపోవుట దీని లక్షణాలే. "మొద్దు" అని మనం కొట్టేది ఒక్కోసారి యిలాంటి పిల్లవాణ్ణే.

దీన్ని ఖాయంగా తేల్చేది, రాత్రంతా వంటికి తీగలు అమర్చి నిద్రనూ ఊపిరినీ కొలిచే పరీక్ష. అది పెద్ద పట్నాల్లోనే దొరుకుతుంది, ఖర్చు కూడా. అందుకని ముందుగా తల్లిదండ్రులను ప్రశ్నలడిగి వడపోసే పద్ధతి వచ్చింది. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయపు డాక్టర్ చెర్విన్, ఆయన తోటివారు 2000లో 22 ప్రశ్నల పట్టిక ప్రకటించారు. మూడోవంతు, అంటే 8 ప్రశ్నలకు "అవును" అని వస్తే అనుమానించాలి.

వారి పరిశీలనలో జబ్బున్న నూరుమందిలో 80కి పైగా పట్టుబడ్డారు. జబ్బు లేని నూరుమందిలో 13 మందిని కూడా అనుమానించింది. 13 కొంచెమే కదా అంటారా? లెక్క వేసి చూడండి. వెయ్యిమంది పిల్లల్లో 30 మందికి జబ్బు వుందనుకుందాం. కాగితం సుమారు 25 మందిని పట్టి, అయిదుగురిని వదిలేస్తుంది. మిగిలిన 970 మందిలో దాదాపు 126 మందిని ఉత్తపుణ్యానికి అనుమానిస్తుంది! కనుక "అవును"లు ఎక్కువ వచ్చాయని ఆపరేషనుకు తొందరపడకండి. తక్కువ వచ్చాయని గురకను మరిచిపోనూ వద్దు.

అసలు తప్పు చాలాసార్లు జవాబు దగ్గరే జరుగుతుంది. పిల్లలకు ఊపిరి అడ్డుపడటం తెల్లవారుజామున, కలల నిద్రలో ఎక్కువ. మనం చూసేది పడుకోబెట్టిన గంటలోపే. మూడు నాలుగు రాత్రులు తెల్లవారుజామున లేచి చూడండి, ఫోనులో వీడియో తీయండి. జలుబుతో వచ్చే గురగుర, ఉబ్బసపు పిల్లికూతలు గురక కావు. తెలియనిదానికి "తెలియదు" అనే చెప్పండి. ఆ ప్రశ్నను లెక్కలోంచి తీసేస్తారు, నష్టం లేదు. నర్సమ్మ ఏమనుకుంటుందోనని "లేదు" అంటేనే నష్టం.

పెదవులు నీలిబారినా, ఊపిరి పదేపదే ఆగుతున్నా కాగితం కోసం ఆగక వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. లేకుంటే అంగన్‌వాడీకి, బడికి పిల్లలను చూడవచ్చే వైద్య బృందానికి గురక సంగతి మీరే చెప్పండి. పిల్లవాడు నాయనమ్మ పక్కన పడుకునేవాడైతే ఆమెను కూడా వెంట తీసుకురండి, జవాబులు ఆమెకే తెలుస్తాయి.