రెండు తీగల విమానము

సంక్రాంతినాడు పిడుగురాళ్ల బయళ్లలో గాలిపటము నెగురవేయు బాలు రెఱుగుదురు: దారము తెగిన పటము కూలును. గాలి కెదురుగ పటమును నిలుపునది ఆ దారమే. ఒక దారము నిలుపగలదు. రెండు తీగలు నడుపగలవు. ఇందులకు కంట్రోల్‌లైను బొమ్మవిమానమే నిదర్శనము.

ఎగురవేయువాడు చేత పిడిని పట్టి నడుమ నిలుచును. ఇంజను బలమున విమాన మతనిచుట్టు తిరుగును. పిడినుండి రెండు సన్నని ఉక్కుతీగలు విమానములోని చిన్న పలకకు చేరును. పిడిని వంచిన నొక తీగ లాగబడి, పలక తిరిగి, తోకయందలి ఎలివేటరును కదల్చును. అది పైకి లేచిన విమానము పైకెగయును. దిగిన క్రిందికి వంగును.

ఇట్టివానిలో ప్రసిద్ధమైనది 'నోబ్లరు'. 1950వ దశకపు తొలినాళ్లలో అమెరికా దేశీయుడు జార్జి ఆల్డ్రిచ్ దీనిని రూపొందించెను. దీని రెక్కల వెనుక నంచున ఫ్లాపులు కలవు. ఎలివేటరు లేచునపు డవి దిగును. అందుచే రెక్కను పైకెత్తు బలము హెచ్చి, విమానము ఇఱుకు మలుపునను తిరుగును. నేటికిని అభిమానులు దీనిని నిర్మించుచున్నారు. మన దేశమున ఎన్.సి.సి. వాయువిభాగపు విద్యార్థులును కంట్రోల్‌లైను విమానములను ఎగురవేయుదురు.

తీగలు బిగువుగ నున్నంతవఱకే విమానము చేతికి లోబడును. అవి సడలినచో నేర్పరి తక్షణమే వెనుకకు అడుగిడి బిగించును. ఒక్కటి మఱువరాదు: ఉక్కుతీగ విద్యుత్తును ప్రసరింపజేయును. కరెంటుతీగల చెంత నీ యాట ప్రాణాంతకము. బయలును చూచుకొనిన పిమ్మటనే పిడిని పట్టవలెను.