వరస తగ్గించండర్రా ముందు

వేసవి సెలవులొచ్చాయంటే పుదుచ్చేరి రెడ్డియార్‌పాళయంలో మా ఇంటి నెట్ ఎలా ఉందో నాకు అరుపుల్ని బట్టే తెలిసిపోతుంది. హాల్లో కంప్యూటరు ముందు కూచున్న పెద్దాడు "ల్యాగ్, ల్యాగ్" అని తల బాదుకుంటాడు. లోపలి గదిలోంచి చెల్లెలు "అన్నయ్యే ఏదో డౌన్‌లోడ్ పెట్టి ఉంటాడు తాతా" అని చాడీ చెబుతుంది. వాళ్ళ నాన్నేమో ఇంకాస్త పెద్ద ప్లాన్ తీసుకుందామా అని నా వంక చూస్తాడు.

ఆగరా అబ్బాయ్, డబ్బు పారేయకు. ఆటకి అంత వేగం అక్కర్లేదు. చాలా ఆటల్లో తెరమీద కనిపించే కొండలూ మేడలూ నెట్‌లోంచి రావు, వాటిని మీ కంప్యూటరే గీసుకుంటుంది. తీగ మీద పోయేవల్లా "ఇక్కడున్నాను, ఇటు తిరిగాను, పేల్చాను" అనే చిన్న చిన్న కబుర్లు. ఒక్కొక్కటి వంద బైట్లకు అటూ ఇటూ ఉంటుంది, సెకనుకి కొన్ని పదులు పోతాయి. సెకనుకి ఒక మెగాబిట్ ఉంటే చాలా ఆటలకి మిగిలిపోతుంది. ఆటకి కావలసింది ఆ కబురు ఆలస్యం లేకుండా వెళ్ళి రావడం. ఆ రానూపోనూ పట్టే సమయాన్నే మీరు పింగ్ అంటారు.

గాజు తీగలో వెలుగు సెకనుకి రమారమి 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. మన పుదుచ్చేరి నుంచి మన యానానికి, అదేనర్రా, గోదావరి ఒడ్డున ఉన్న మన కేంద్రపాలిత ప్రాంతపు తెలుగు ముక్కకి, తిన్నగా గీత గీస్తే సుమారు 600 కిలోమీటర్లు. వెళ్ళి రావడానికి వెలుగుకి పట్టేది 6 మిల్లీసెకన్లు, అంటే సెకనులో వెయ్యో వంతులు ఆరు. తీగ తిన్నగా పోదు, దారిలో ఊళ్ళు చుట్టి పోతుంది కాబట్టి అంతకు కొన్ని రెట్లు వేసుకోండి. అయినా మనిషి కంటికి ఆనేంత ఆలస్యం కాదది. మరి అసలు ఆలస్యం ఎక్కడ? మన గోడకి తగిలించిన ఆ రెండు యాంటెన్నాల రౌటరు పెట్టెలోనే!

నిన్న సాయంత్రం పెద్దాడు ల్యాగ్ అని అరుస్తున్నప్పుడు మా కోడలి ఫోను చడీచప్పుడూ లేకుండా పెళ్ళి ఫొటోలన్నీ క్లౌడ్‌లోకి ఎక్కిస్తోంది. అదెలా ఉందంటే, రైల్వే టికెట్ల కిటికీ దగ్గర పెళ్ళివారి గుంపొకటి నలభై టికెట్లు రాయించుకుంటోంది. వాళ్ళ వెనక నువ్వొక్క ప్లాట్‌ఫారం టికెట్ కోసం నిలబడ్డావు. ఏమవుతుంది? లెక్క కట్టి చూపిస్తాను. అప్‌లోడ్ వేగం సెకనుకి 4 మెగాబిట్లు అనుకోండి. పెట్టెలో వరస కట్టి నిలవ ఉంచుకునే చోటు ఒక మెగాబైటు, అంటే 8 మెగాబిట్లు. ఫొటోలు ఆ చోటంతా నింపేశాక నీ తుపాకీ గుండు వరస చివర చేరితే, బయటపడేసరికి 2 సెకన్లు! యానానికి వెలుగు వెళ్ళి వచ్చే ఆరు మిల్లీసెకన్లెక్కడ, మన ఇంటి గుమ్మం దాటడానికి రెండు సెకన్లెక్కడ?

కంపెనీలు "ఒక్క డేటా ముక్కా పారేయకూడదు" అన్న ఆశతో ఈ నిలవ చోటు పెంచుకుంటూ పోయాయి. 2010లో జిమ్ గెట్టిస్ అనే అమెరికా ఇంజినీరు తన ఇంట్లోంచి ఫైళ్ళు పంపుకుంటుంటే పింగ్ సెకను దాటిపోవడం చూసి, దీని కూపీ లాగాడు. బఫర్‌బ్లోట్ అని దానికి పేరూ పెట్టాడు. 2012లో కాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ మందు కనిపెట్టారు: వరసలో మరీ సేపు నిలబడ్డ ముక్కని మొహమాటం లేకుండా అవతల పారేయడమే. పంపే కంప్యూటరు అది గమనించి తనంతట తానే నెమ్మదిస్తుంది. ఆ తర్వాత వచ్చిన రౌటర్లలో కొన్నింటికి ఎస్‌క్యూఎం అని ఒక మీట ఉంటుంది. అది తిప్పి, అసలు అప్‌లోడ్ వేగంలో తొంభై శాతం దగ్గర కట్టడి చేయండి. వేగం పదో వంతు పోతుంది, అరుపులు తగ్గుతాయి. బేరం నాకైతే గిట్టుబాటే.

దానికి ముందు ఒక పరీక్ష. కంప్యూటర్లో కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల తెర తెరిచి రౌటరుకి పింగ్ కొట్టండి, చాలా ఇళ్ళల్లో దాని అంకె 192.168.1.1. ఒకటి రెండు మిల్లీసెకన్లు వస్తే సరే. అక్కడే నలభై, ఎనభై అని గంతులేస్తుంటే దోషం వైఫైది. గాలిలో ఒక ఛానెల్ మీద ఒకసారి ఒకరే మాట్లాడాలి, పక్కింటి రౌటరు కూడా అదే ఛానెల్ అయితే దానికీ వంతు ఇవ్వాలి. కంప్యూటరుకి తీగ లాగేయండి. లాన్ కేబుల్ వంద మీటర్ల దాకా పనిచేస్తుంది, మన ఇల్లు అంత లేదు.

ఇక ఒకే కనెక్షన్‌తో రెండు కంప్యూటర్లు ఎలా ఆడతాయంటారా? 1999లో విండోస్ 98 రెండో కూర్పులో ఆ ఏర్పాటు వచ్చింది. ఒక కంప్యూటరు మోడెం పెట్టుకుని నెట్ ఎక్కేది, రెండోది దాని చలవ మీద బతికేది. మొదటిది ఆపేస్తే రెండోదానికీ గోవిందా! ఇప్పుడా పని రౌటరు చేస్తుంది. కౌంటర్ స్ట్రైక్ పాత కూర్పు ఆడేవాడి కంప్యూటరు 27005 అనే పోర్టులోంచి మాట్లాడేది. అన్నాచెల్లెళ్ళిద్దరూ అదే పోర్టు పట్టుకుంటే రౌటరు ఒకరిది మార్చి, తన చిట్టాలో రాసుకుని, జవాబు వచ్చినప్పుడు ఎవరిది వారికి ఇస్తుంది. కొన్ని పాత ఆటలు ఈ మార్పు ఒప్పుకోక, ఒకే ఇంటివాళ్ళిద్దరిని ఒకే సర్వరులోకి రానిచ్చేవి కావు.

అసలు చిక్కు యానాంలో ఉన్న బావని మీ మైన్‌క్రాఫ్ట్ లోకంలోకి పిలిచినప్పుడు వస్తుంది. అతను బయటనుంచి మన తలుపు తట్టాలి, అది 25565 పోర్టు. రౌటర్లో ఆ తలుపు తెరిచి పెట్టినా కొందరికి పలకదు. పాత తరహా నెట్ చిరునామాలు ప్రపంచం మొత్తానికి 429 కోట్ల చిల్లరే. మన ఆసియా వంతు 2011 ఏప్రిల్‌లోనే అడుగంటింది, ఆఖరి పొదుపు మూట మాత్రం మిగిలింది. దాంతో నెట్ కంపెనీలు చాలా ఇళ్ళని ఒకే చిరునామా కింద పెట్టేశాయి. రౌటరు స్టేటస్ పేజీలో బయటి ఐపీ 100.64కీ 100.127కీ నడుమ ఏదైనా అంకెతో మొదలైతే మీరూ ఆ ఉమ్మడి కాపురంలో ఉన్నట్టే. అప్పుడు మీరు తెరిచిన తలుపు వీధిలోకి కాదు, వాళ్ళ వరండాలోకి తెరుచుకుంటుంది. స్టాటిక్ ఐపీ అడిగి అదనంగా కట్టాలి, లేదా ఇరుపక్కలా కొత్త తరహా చిరునామా ఐపీవీ6 ఉంటే దాంతో కలవాలి. అవేవీ కుదరకపోతే సర్వరు బావ ఇంట్లోనే పెట్టించండి. ముందు అతని రౌటరు అంకె ఎంతో కనుక్కోండర్రా, అదీ వందతో మొదలైతే మళ్ళీ నా దగ్గరికే వస్తారు.