‘మనోళ్లేనా?’ అన్న ప్రశ్న మనసుని ఎందుకు తొలుస్తుంది?

నాతవరంలో తాండవ కాలువ కింద పొలం చేసుకునే ఇంటి నుంచి ఒక కుర్రాడు విశాఖలో హాస్టల్‌కి వెళ్లాడనుకోండి. తొలిరోజు తన యాసలో ‘ఏటి?’ అంటాడు, గదిలో నవ్వు. రెండోరోజు ఇంటిపేరు అడుగుతారు. దాంతో కులం తేలకపోతే ఈఏపీసెట్ ర్యాంకు. ర్యాంకు చెప్పాక ఎదుటివాడి ముఖంలో ‘ఓహో, కోటానా’ అన్న మార్పు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. మరి నెల తిరిగేసరికి వాడు మెస్సుకి అందరూ తిని వెళ్లాక ఎందుకు వెళ్తున్నాడు?

ఎందుకంటే వాడి మనసు రోజంతా కాపలా కాస్తోంది. ఏ మాట జారితే నవ్వుతారో, ఎవరు ఏమడుగుతారో అని. నెలల తరబడి ఆ కాపలా సాగితే ముందు నిద్ర చెడుతుంది, తర్వాత ఆకలి, చదివింది బుర్రకెక్కదు. చివరికి ‘లోపం నాలోనే ఉందేమో’ అనిపిస్తుంది. డిప్రెషన్‌కి అక్కడ దారి పడుతుంది.

మార్కులకీ ఈ కాపలాకీ సంబంధం ఏమిటి? ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 642 మంది మగపిల్లలతో కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఒక పరీక్ష చేసి, 2004లో ఫలితాలు వెల్లడించారు. కాగితం మీద చిక్కుదారులు విప్పాలి. కులం ఎత్తనంతవరకూ పైకులాల పిల్లలూ దళిత పిల్లలూ సమానంగా విప్పారు. అందరి ముందూ కులం చదివేసరికి దళిత పిల్లల లెక్క బాగా పడిపోయింది. ఆ పిల్లల తెలివి క్షణంలో ఎక్కడికి పోతుంది?

అలాగని సొంత గుర్తింపు జబ్బు కాదు. మనవాళ్లున్నారన్న ధీమా దెబ్బని కొంత కాస్తుంది. కానీ అదొక్కటే చాలదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల అంబేద్కర్ విద్యార్థి సంఘంలో చురుగ్గా ఉన్నవాడే. హాస్టల్ నుంచి వెలేసిన ఐదుగురిలో ఒకడై, 2016 జనవరి 17న మనకి దక్కకుండా పోయాడు. వివక్షపై ఫిర్యాదు వినడానికి ప్రతి కాలేజీలో ఒక అధికారి ఉండాలని యూజీసీ 2012లోనే నియమం పెట్టింది. మీ కాలేజీలో ఆయనెవరో అడగండి.

దిగులు రెండు వారాలు దాటితే ఆగొద్దు. మానసిక సాయం అందించే ప్రభుత్వ ఫోన్ సేవ టెలిమానస్ నంబరు 14416 రాత్రీపగలూ పలుకుతుంది, తెలుగులోనే, ఉచితంగా. అమ్మానాన్నలూ, ఈసారి ఫోన్లో మార్కుల సంగతి ఎత్తే ముందు ‘ఎవరితో కూకొని తింతన్నావురా?’ అని అడగండి.