రెండు పుస్తకముల నడుమ బంధుత్వము

1538వ సంవత్సరమున ఎనిమిదవ హెన్రీ ప్రభువునకు మంత్రియైన థామస్ క్రామ్‌వెల్, ఇంగ్లండునందలి ప్రతి పారిష్ మతాచార్యుడును తన చర్చిలో జరిగిన బాప్తిస్మములను, వివాహములను, భూస్థాపనలను వారము వారము ఒక పుస్తకమునకు ఎక్కింపవలెనని శాసించినప్పుడు, ఇది ఏదో క్రొత్త పన్ను విధించుటకు ఉపాయమని జనులు భయపడిరి. అట్లు భయపెట్టిన ఆ పుస్తకములే నేడు సామాన్యుని వంశచరిత్రకు మూలాధారములైనవి. ప్రభువులకు వంశావళులు వ్రాయించుకొను స్తోమత ఉండెను. పాలికాపునకును, వడ్రంగికిని, గనిలో బొగ్గు త్రవ్వినవానికిని ఇందలి ఒకటి రెండు పంక్తులే చరిత్ర.

అయితే ఈ పంక్తులు అడిగినంతనే చుట్టరికము చెప్పునవి కావు. బాప్తిస్మము పొందిన దినము పుట్టిన దినము కాదు. నలుగురైదుగురు బిడ్డలకు ఒక్కనాడే జ్ఞానస్నానము చేయించిన కుటుంబములు కలవు. 1813 నుండి అచ్చు పత్రములు వాడుకలోనికి వచ్చి, బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేళ్లు, నివాసము, తండ్రి వృత్తి క్రమముగా వ్రాయబడుచు వచ్చినను, తల్లి పుట్టినింటి పేరునకు అందు గడియే లేదు. ఆమె ఏ యింటి ఆడపడుచో తెలియుటకు వివాహపు పుస్తకము విప్పవలసినదే.

రెండవ పుస్తకము జనాభా లెక్కలది. ఆ లెక్కలు 1801లో ఆరంభమయ్యెను గాని, దేశమంతట ఇంటింటి మనుష్యుల పేళ్లు వ్రాసి నిలిపినది 1841లోనే. అప్పుడును పదునైదేండ్లు దాటినవారి వయస్సును అయిదేసి యేండ్లకు కుదించి వ్రాయుమనిరి, ముప్పదినాలుగేండ్లవాడు ముప్పదేండ్లవాడయ్యెను. బంధుత్వమును అడుగనే లేదు. ఒక కప్పు క్రింద నున్న ఒకే యింటిపేరి స్త్రీపురుషులు దంపతులో, అన్నాచెల్లెండ్రో ఆ పత్రము చెప్పదు. 1851లో గృహయజమానితో గల సంబంధమును, పుట్టిన ఊరును వ్రాయించిరి. ఆ ఊరి పేరే శోధకుని ఏ చర్చి పుస్తకము చూడవలెనో అచటికి నడిపించును.

ఇచటనే జాగరూకత వలయును. సంబంధము యజమానితోనే గాని అతని భార్యతో కాదు. అతని కొడుకులని వ్రాసిన పిల్లలకు ఆమె సవతితల్లి కావచ్చును; బాప్తిస్మపు పంక్తిలో తల్లి పేరు వేఱుగా కనబడిన దినమున, మధ్యకాలపు భూస్థాపన పుస్తకమున మొదటి భార్య మరణము వెదకవలెను. మఱియొకచోట, నడివయసు దాటిన దంపతుల కొడుకని లెక్కలలో చేరిన ఏడాది శిశువునకు, చర్చి పుస్తకమున ఆ యింటి పెండ్లికాని కూతురే తల్లిగా నిలిచి, తండ్రి పేరుండవలసిన తావు శూన్యముగా ఉండును. లెక్కలలోని ఆ వ్రాతను అబద్ధమనుటకు నాకు మనసొప్పదు. ఆ తాతయు అవ్వయు బిడ్డకు తమ నీడ నిచ్చి, ఊరి నోటినుండి కూతురిని కాచుకొనిరి. చర్చి గుమాస్తా తనకు తెలిసినది వ్రాసెను.

తాత పేరు మనుమలకు పెట్టు ఆచారము వలన ఒకే ఊర, ఒకే పేరున, ఒకే యీడు పినతండ్రి పెదతండ్రి బిడ్డలు ఇద్దరు కానవచ్చుటయు కలదు. వారిలో ఒకడు శైశవముననే గతించెనేమో చూడక, మరణించినవానికి సంతానమును అంటగట్టిన వంశవృక్షములు అనేకములు.

ఇది ఇంగ్లండు మాట. మన దేశమున జనగణన పత్రములలోని వ్యక్తుల వివరములను పరుల పరిశీలనకు ఇయ్యరాదని 1948 నాటి చట్టము నిషేధించుచున్నది. కనుక తెలుగు క్రైస్తవ కుటుంబములకు చర్చి పుస్తకములే దిక్కు. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు చేరినది మొదలు పెరిగిన లూథరన్ సంఘములలో శిశువులకును బాప్తిస్మ మిచ్చుట ఆచారము. బాప్టిస్టులందు విశ్వాసమును స్వయముగా ఒప్పుకొన్నవారికే అది చెల్లును. 1878 జూలై 3న బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి ఒంగోలు మిషనులో 2,222 మంది ఒక్కనాడే బాప్తిస్మము పొందిరి. అట్టివారి బాప్తిస్మపు తేదీ వయస్సును గాని, తల్లిదండ్రులను గాని తెలుపదు. వారి సంతతివారు ముందుగా వెదకవలసినది, 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టము ననుసరించి వ్రాసిన పెండ్లి పుస్తకమును. వధూవరుల వయస్సులును, వారి తండ్రుల పేళ్లును అందు కనబడును.