ఉపగ్రహ దృష్టిలో మన కోనసీమ

గత సంవత్సరము మన కళాశాల విజ్ఞాన ప్రదర్శనలో ఒక విద్యార్థి కళ్ళకు తగిలించుకొను నల్లని పెట్టె ఒకటి తెచ్చి బల్లమీద ఉంచినాడు. దానిని వర్చువల్ రియాలిటీ కళ్ళజోడు అంటున్నారు. అది పెట్టుకొన్నవారికి తాము నిలుచున్న గది మాయమై, భూగోళముమీద కోరిన చోటికి ఎగిరిపోయి దిగినట్లు తోచును. పిల్లలు ఒకరి తరువాత ఒకరు హిమాలయములకు, మక్కా నగరమునకు, తమ తండ్రులు పనిచేయుచున్న దుబాయి వీధులకు పోయి వచ్చినారు. చివరకు ఒకడు మామిడికుదురు చూచి, పెట్టె తీసి, "మాస్టారండీ, మన ఊళ్ళో ఈ గుట్టలెప్పుడు మొలిచాయండీ?" అని అడిగినాడు. అందరూ నవ్వినారు. మేమును పెట్టుకొని చూచినాము. వాడు చెప్పినది నిజము. కొబ్బరితోటలున్న చోట నేల మెట్టగా లేచియున్నది. వరిచేలున్న చోట పల్లముగా దిగియున్నది. బల్లపరుపువంటి మన సీమలో కొండలు, లోయలు!

ఆ పిల్లవానికి అప్పుడు చెప్పలేకపోయిన సమాధానమే ఈ వ్యాసము.

మనకు రెండు కళ్ళున్నవి. వాటి నడుమ దూరము ఇంచుమించు ఆరు సెంటీమీటర్లు. కుడికన్ను చూచిన దృశ్యము వేరు, ఎడమకన్ను చూచినది కొంచెము వేరు. ఈ రెండింటి భేదమునుండియే ఏ వస్తువు దగ్గర, ఏది దూరము అని మెదడు గ్రహించును. ఆ నల్లని పెట్టెలో ఉన్న రహస్యమంతయు ఇదే. ఒక్కొక్క కంటికి ఒక్కొక్క చిత్రమును చూపించును. దేశపటములు తయారుచేయువారు ఈ ఉపాయమును చాలకాలము క్రిందటనే ఎరుగుదురు. విమానమునుండి ఒకే చోటును రెండు స్థానములలో ఫోటో తీసి, ఆ జంటను స్టీరియోస్కోపు క్రింద పెట్టి నేల ఎగుడుదిగుళ్ళను గీసేవారు. 2005 మే 5న శ్రీహరికోటనుండి ఎగిరిన కార్టోశాట్-1 ఉపగ్రహములో ఈ పనికే రెండు కెమెరాలు అమర్చినారు. ఒకటి ముందుకు 26 డిగ్రీలు, ఇంకొకటి వెనుకకు 5 డిగ్రీలు వంచబడినవి. ఒకే పొలమును ఒక నిముషము లోపల రెండు కోణములనుండి చూచెడిది. కనుక పటశాస్త్రము, ఉపగ్రహ శాస్త్రము, ఈ మాయపెట్టె విద్య మూడును దూరపు చుట్టములు కావు, ఒకే తల్లి బిడ్డలు.

ఇక గుట్టల సంగతి. 2000 ఫిబ్రవరిలో అమెరికావారి ఎండీవర్ నౌక పదకొండు దినములు భూమిని చుట్టి, భూభాగములో ఇంచుమించు నూటికి ఎనబది వంతుల ఎత్తులను కొలిచినది. ఆ యాత్రలో నాసాతోపాటు అమెరికా రక్షణశాఖవారి పటసంస్థ, జర్మనీ, ఇటలీ దేశముల అంతరిక్ష సంస్థలు చేతులు కలిపినవి. నౌకలో ఒక రాడారు, అరువది మీటర్ల పొడవైన దండము కొసను మరియొక గ్రాహకము. అనగా ఆరు సెంటీమీటర్ల ఎడముగల మన కళ్ళకు బదులు, అరువది మీటర్ల ఎడముగల కళ్ళు! నేటికిని ప్రపంచములో ఎన్నో పటములకు ఆ కొలతలే పునాది. అయితే ఆ యాత్రలోని ముఖ్య రాడారు తరంగము పొడవు అయిదారు సెంటీమీటర్లే. అది చెట్టు ఆకులను దాటి నేలవరకు పూర్తిగా దిగజాలదు. దట్టమైన కొబ్బరితోటమీద పడినప్పుడు మట్టలకే చాలభాగము తగిలి వెనుదిరుగును. ఆ లెక్కలో మన తోటల తలలే నేల అయినవి. ఇటువంటి కారణములచేతనే ఆ కొలతలు లోతట్టు తీరములను ఉన్నదానికంటె ఎత్తుగా చూపినవని 2019లో అమెరికాలోని క్లైమేట్ సెంట్రల్ పరిశోధకులు ప్రకటించినారు. పిల్లవాడు చూచిన గుట్టలు కొబ్బరిచెట్లే.

ఇందులో ఒక చమత్కారము కలదు. మన దేశములో దూరసంవేదన విద్య ఆరంభమైనది కొబ్బరిచెట్టుతోనే. 1970లో ఆచార్య పి. ఆర్. పిషరోతి గారి బృందము కేరళలో హెలికాప్టరునుండి ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ముతో తోటలను ఫోటో తీసి, వేరు తెగులు సోకిన చెట్లను గుర్తించినది. నాడు శాస్త్రజ్ఞునికి గురువైన చెట్టే నేడు పటకర్తను మోసము చేయుచున్నది.

దీనిని నవ్వి విడిచిపెట్టవచ్చును గదా అని కొందరు అనవచ్చును. ఇతర సీమలలో విడిచిపెట్టవచ్చును. వంద మీటర్ల కొండ నూట మూడు మీటర్లుగా కనిపించినంతమాత్రమున ఎవరి కొంపయు మునగదు. కోనసీమలో మూడు మీటర్ల తప్పు అనగా ఊరు మునుగుట, మునగకపోవుట అన్నంత భేదము. 2022 జూలైలో ధవళేశ్వరమువద్ద గోదావరి ప్రవాహము 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు వైనతేయ పాయ పొంగి అప్పనపల్లి, పెదపట్నంలంకల వైపు ఏమి జరిగినదో ఈ పత్రిక చదువువారిలో చాలమంది మోకాళ్ళు ఎరుగును. ఏ వీధికి ముందు నీరు వచ్చును, ఏ అరుగుమీద ఆగును అన్నది మూరలలోను జానలలోను తేలు విషయము.

వరద సమయమున ఆకాశమునిండ మేఘములుండును గనుక మామూలు కెమెరా పనికిరాదు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను మన సీమను ఊడ్చివేసిన నాటికి మన దేశమునకు మబ్బులను చీల్చి చూడగల స్వంత రాడారు ఉపగ్రహము లేదు. ఇప్పుడు కలవు. 2022 ఫిబ్రవరి 14న ఎగిరిన ఇ.ఓ.ఎస్.-04 అట్టిదే. రాడారు తరంగము నిలకడ నీటిమీద పడిన అద్దముమీద వెలుగువలె అవతలకు జారిపోవును. అందుచేత నీరున్న చోటు చిత్రములో నల్లగా కనిపించును. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రమువారు ఈ నలుపును గుర్తించి వరదపటములు గీసి ప్రభుత్వములకు పంపుదురు. కాని తోటక్రింద నిలిచిన నీరు? పైన మట్టలు తరంగమును తిప్పికొట్టును గనుక అక్కడ నలుపు కనిపించదు. మన ఇండ్లలో అధికభాగము తోటలలోనే ఉన్నవి. పటములో ఊరు పొడిగా ఉండి, వంటింటిలో పొయ్యి తేలుచుండవచ్చును. పడవ ఎక్కడికి పంపవలెను, పరిహారపు పట్టికలో ఎవరి పేరు చేర్చవలెను అని పటము చూచి నిర్ణయించు కాలము వచ్చుచున్నది గనుక ఈ లోపమును మనవంటివారు తెలిసియుండుట అవసరము.

దీనికి మందు సంస్థల పొత్తులోనే ఉన్నది. ఏ ఒక్క దేశపు ఉపగ్రహము అన్ని వేళల అన్ని చోట్లకు చేరలేదు. 1999లో వియన్నాలో జరిగిన అంతరిక్ష మహాసభ తరువాత ఐరోపా, ఫ్రాన్సు సంస్థలు ఒక ఒడంబడికకు పూనుకొన్నవి: ఏ దేశమున ఉపద్రవము కలిగినను అందరి ఉపగ్రహములు చిత్రములు తీసి ఉచితముగా ఇచ్చుట. 2000లో కెనడా, 2001లో మన ఇస్రో అందులో చేరినవి. 2018లో ఐరోపావారి కోపర్నికస్ పథకముతో మన దేశము సమాచారపు మారకమునకు ఒప్పందము చేసికొన్నది. ఇన్నింటిలో మన సీమకు ఎక్కువ పనికివచ్చునని మాకు తోచినది నిసార్ ఉపగ్రహము. నాసా, ఇస్రో కలిసి నిర్మించిన దీనిని 2025 జూలై 30న శ్రీహరికోటనుండి ప్రయోగించినారు. ఇందులో రెండు రాడారులు. ఒకటి వారిది, ఒకటి మనది. పన్నెండు మీటర్ల వ్యాసముగల గొడుగువంటి అద్దమును రెండును పంచుకొనును. వారి రాడారు తరంగము ఇంచుమించు 24 సెంటీమీటర్ల పొడవు. పొడవైన తరంగము ఆకులను లెక్కచేయక లోపలికి దిగును; తోటక్రింద నీరున్నచో చెట్టు మొదలుకు, నీటికి రెండు దెబ్బలు తగిలి మరింత వెలుగుగా తిరిగివచ్చును. పన్నెండు దినములకొకసారి అదే చోటును చూచి, నేల సెంటీమీటర్ల కొలతలో క్రుంగినను చెప్పగలదు.

ఈ చివరి మాట మన మండలములో ఊరక చదివి పోదగినది కాదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకొని అరువది అయిదు దినములు మండినది మొదలు, వాయువు తీయుటచే నేల క్రుంగుచున్నదా అన్న అనుమానము మన ఇండ్లలో తీరలేదు. అవునని కొందరు, కాదని కొందరు. ఇరువురి చేతిలోను ఊరివారికి చూపదగిన కొలత మాకు అగుపడలేదు. డెల్టా నేల తనంత తాను కూడ అణగును. పైన క్రొత్త ఒండ్రు పడినంతకాలము అది తెలియదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆచార్యులు కె. నాగేశ్వరరావు గారు, వారి సహచరులు 2010లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, గోదావరి తెచ్చు ఒండ్రు 1970-79 నడుమ 15 కోట్ల టన్నులుండగా 2000-06 నాటికి 6 కోట్ల టన్నులలోపునకు పడిపోయినది. అది ఆనకట్టల వెనుక ఆగిపోవుచున్నది. కృష్ణా, గోదావరి డెల్టాల 336 కిలోమీటర్ల తీరములో 1965 నుండి 2008 వరకు నికరముగా 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రము పాలయినది. వాయువా, ఒండ్రు లేమియా, రెండునా అన్నది నినాదముతో తేలదు. ఏటేట కొలచిన అంకెలతో తేలవలెను.

అయితే నిసార్ చెప్పునది నేల ఎంత కదలినదన్నది. సముద్రమట్టమునకు ఎంత ఎత్తున ఉన్నదన్నది నేలమీదనే కొలవవలెను. మన దేశమున ఎత్తులకు మూలమైన సముద్రమట్టమును 1909లో తొమ్మిది రేవుల అలల కొలతలతో నిర్ణయించినారు. వాటిలో విశాఖపట్టణము ఒకటి. అక్కడినుండి సర్వే ఆఫ్ ఇండియావారు లెవెల్ యంత్రములతో అంచెలంచెలుగా నడచి వంతెనలమీద, రాళ్ళమీద బెంచిమార్కులు చెక్కినారు. (ఉర్దూ శాఖ మిత్రులు పటమును నక్షా అందురు. మనము హద్దు అన్నప్పుడెల్ల వాడునది అరబ్బీ మాటే. కొలత విద్యలో భాషలు ఎప్పుడో కలిసిపోయినవి.) పైనుండి వచ్చిన ప్రతి చిత్రమును ఇటువంటి నేల గురుతులతో సరిచూచినప్పుడే అది ప్రమాణమగును. హైదరాబాదులోని సముద్ర సమాచార సేవా కేంద్రము ఉప్పెన ప్రమాద పటములకొరకు విమానమునుండి లేజరు కిరణములతో తీరపు ఎత్తులు కొలిపించి వాడుకొన్నది కూడ ఈ అవసరము చేతనే.

కళాశాల సంఘమువారికి ఒక విన్నపము. ప్రదర్శన చూచి ముచ్చటపడి, వచ్చే సంవత్సరము అటువంటి కళ్ళజోళ్ళు కొన్ని కొనవలెనని ఆలోచించుచున్నారని విన్నాము. కొనవచ్చును, పిల్లలు సంతోషింతురు. కాని అంతకు ముందు ఒక లెవెల్ యంత్రము, రెండు కొలబద్దలు కొనిపెట్టవలెనని మా కోరిక. పెట్టెలో కనిపించు మామిడికుదురు నిజమగుటకు అవి కావలెను.

ఆ ప్రశ్న వేసిన విద్యార్థితో కలిసి మేము ఒక ఆదివారము ఏటిగట్టు ప్రక్క పెంకుటిండ్ల గోడలు చూచుచు పోయినాము. ఒక ఇంటి అరుగుపైన 86 వరద గురుతు బొగ్గుతో గీసినది ఇంకను ఉన్నది. ఇంటి ముసలమ్మగారు సున్నము వేయించినప్పుడెల్ల ఆ గీత చుట్టు వదలి వేయించెదరట. దాని క్రింద 2022 గీత ఉన్నది. రెండింటి నడుమ ఎడమును పిల్లవాడు టేపుతో కొలిచి నోటుపుస్తకములో వ్రాసికొన్నాడు. ఆ గోడనుండి వంతెన దగ్గరి బెంచిమార్కు రాతివరకు నడక పది నిముషములు. ఆ నడుమ ఎత్తు మాత్రము ఇంకను కొలవలేదు, యంత్రము లేదు.